సీసాలో మందారపు కొమ్మ, వరదలో మందారపు చెట్టు

అమలాపురములోనో కొత్తపేటలోనో ఒక ఇంటి అరుగుమీద, నీరు పోసిన గాజుసీసాలో ముద్దమందారపు కొమ్మను ఉంచినచో కొన్ని వారములకు దాని అడుగున తెల్లని వేళ్లు వెలువడును. ఆ కొమ్మ పిడికెడు మట్టినైనను ఎరుగదు. అయినను చిగురు వేయును. అదే ఇంటి పెరటిలో ఏండ్ల తరబడి పూయుచున్న మందారపు చెట్టు చుట్టు వరదనీరు దినముల తరబడి నిలిచినచో, దాని ఆకులు పసుపువారి రాలిపోవును; చెట్టు తుదకు చచ్చును. ఒకటి నీటిలో పుట్టినది, ఒకటి నీటిలో చచ్చినది. రెండును ఒకే జాతి. ఒక్కొక్కప్పుడు ఆ కొమ్మ ఆ చెట్టునుండి కోసినదే. ఈ వింతకు కారణమేమి?

ఇది కేవలము వినోదమునకు అడుగు ప్రశ్న కాదు. గౌతమీ వసిష్ఠ శాఖల నడుమ, సముద్రపు అంచువరకు పరచుకొన్న కోనసీమలో నీరే భాగ్యము, నీరే భయము. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద గోదావరి ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులను మించెను. 2022 జూలైలో 25 లక్షలు దాటెను. అట్టి వేళల లంక గ్రామములలో తోటలు, పెరళ్లు నీట మునుగును. సముద్రమునకు చేరువనున్న రాజోలు ప్రాంతమున వేరొక బాధ: శంకరగుప్తము మురుగు కాలువ వెంబడి పోటునీరు ఎగదన్ని కొబ్బరితోటలు తలలు వాల్చుట ఇటీవలి సంవత్సరములలో అందరి దృష్టికి వచ్చినది. నీటిలో నిలిచిన మొక్క ఎప్పుడు బ్రతుకును, ఎప్పుడు చచ్చును అను సంగతి ఇక్కడి కుటుంబములకు తిండిగింజల సంగతి. ఈ ప్రశ్నకు సమాధానము ఒక్కనాట దొరకలేదు. మట్టి లేకుండ మొక్కలను పెంచు విద్య మూడువందల యేండ్ల చరిత్రలో అది కొంచెము కొంచెముగా బయటపడినది.

కొమ్మద్వారా నడచిన వంశము

మందారమునకు వృక్షశాస్త్రములో హైబిస్కస్ రోజా-సైనెన్సిస్ అని పేరు. 1753లో స్వీడను దేశీయుడగు లిన్నేయసు ఈ పేరు నిచ్చెను. రోజా-సైనెన్సిస్ అనగా చీనా గులాబి అని అర్థము. పేరు చీనాదైనను పుట్టుక అచ్చటిది కాదు. పసిఫిక్ ద్వీపములలో, ఐరోపీయులు అడుగిడుటకు పూర్వమే, రెండు మందార జాతుల కలయికవలన ఇది పుట్టినదనియు, ద్వీపవాసుల పడవలతోపాటు పడమటికి వచ్చినదనియు ఇటీవలి పరిశోధకులు చెప్పుచున్నారు. కేరళ వృక్షములనుగూర్చి డచ్చి అధికారి వాన్ రీడు సిద్ధపరచగా 1678 మొదలు 1693 వరకు 12 సంపుటములుగా వెలువడిన హోర్టస్ మలబారికస్ గ్రంథములో మందారము చోటుచేసికొన్నది. కాబట్టి లిన్నేయసు పేరు పెట్టునాటికే అది దక్షిణభారతపు పెరళ్లలో స్థిరపడినదే.

బెండ, గోగు, పత్తి, గంగరావి—ఇవన్నియు మందారమునకు చుట్టములు. బెండను, గోగును, పత్తిని విత్తులు చల్లి పెంచుదురు. మందారమును మాత్రము కొమ్మ నాటియే పెంచుదురు. ముద్దమందారములో కేసరములు పెక్కు రేకులుగా మారిపోయినవి. దానికి కాయ కట్టుట అరుదు. ఒంటిరేకల రకములలో ఎప్పుడైన విత్తు దొరికినను, ఆ విత్తునుండి పుట్టిన మొక్క తల్లి పువ్వునే పూయునని నమ్మకము లేదు. సంకరజాతుల గుణము అట్టిది. కొమ్మనుండి పుట్టిన మొక్కయో, తల్లికి అచ్చముగా ప్రతిరూపము. అందుచేత ఒక ఊరిలో ఇంటింట పూయు ఎర్రని ముద్దమందారములు, ఒక తల్లినుండి కొమ్మలుగా పంచుకొన్నవైనచో, నిజమునకు ఒకే మొక్క యొక్క ఖండములు.

కొమ్మలతోను అంట్లతోను మొక్కలను పెంచు విద్యకు గోదావరి సీమలో పాత చరిత్ర కలదు. కోనసీమకు ఉత్తరముగా సామర్లకోటలో 1781 నుండి ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్సుబరో ఒక తోటను పెంచి, అందులో నీలి, చెరకు, కొబ్బరి, మిరియములు మొదలగువానిని పరీక్షించెను. మిరియపు తీగ కూడ సాధారణముగా తీగముక్కలతో వ్యాప్తి చెందునదే. రాక్సుబరో 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతిగా వెళ్లెను. నేడు కోనసీమకు ఎగువన, గోదావరి ఎడమగట్టున కడియము, కడియపులంక, బుర్రిలంక గ్రామములలోని నర్సరీలు దేశములోని పెక్కు ప్రాంతములకు మొక్కలను పంపుచున్నవి. అక్కడి పనివారు మందారపు కొమ్మను కణుపు క్రింద ఏటవాలుగా కోసి, అడుగు ఆకులు తీసివేసి, నీడలో నాటుదురు. ఆ చేతిపనిలోని ప్రతి చర్యకును ఒక శాస్త్రకారణము కలదు.

మొక్క తినునది మట్టియా, నీరా?

మొక్క మట్టిని తిని బ్రతుకునని పూర్వులు భావించిరి. దీనిని తూకముతో పరీక్షించినవాడు బ్రస్సెల్సు నగరవాసి వాన్ హెల్మాంటు. ఆయన ఎండబెట్టిన 200 పౌనుల మట్టిని తొట్టిలో పోసి, 5 పౌనుల విల్లో కొమ్మను నాటి, నీరు మాత్రమే పోయుచు వచ్చెను. 5 సంవత్సరములకు చెట్టు బరువు 169 పౌనులకు పైబడెను. మట్టిని మరల ఎండబెట్టి తూచగా తగ్గినది సుమారు 2 ఔన్సులు మాత్రమే. కాబట్టి చెట్టు అంతయు నీటినుండియే పుట్టినదని ఆయన నిశ్చయించెను. ఈ వృత్తాంతము ఆయన మరణానంతరము 1648లో ప్రకటింపబడెను.

తూకము సరియైనదే, తీర్పు సరియైనది కాదు. ఆయన రెండు విషయములను విడిచిపెట్టెను. ఒకటి గాలి. చెట్టు దేహములో అధికభాగము ఆకులు గాలినుండి గ్రహించు బొగ్గుపులుసు వాయువుతోను, నీటితోను నిర్మింపబడునని తెలియుటకు మరి నూటయేబది యేండ్లు పట్టెను. 1804లో డి సోస్యూరు అను స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు ఈ విషయమును తూకములతో స్థిరపరచెను. రెండవది ఆ 2 ఔన్సుల మట్టి. అది పొరపాటు లెక్క అని త్రోసివేయదగినది కాదు. అసలు రహస్యము అందులోనే కలదు.

ఆ రహస్యపు అంచును తాకినవాడు ఆంగ్లేయుడు జాన్ వుడ్వర్డు. 1699లో ఆయన ప్రకటించిన పరీక్షలలో పుదీనా మొక్కలను వాననీటిలోను, థేమ్సు నదీజలములోను, తోటమట్టి కలిపిన నీటిలోను పెంచెను. వాననీటిలోని మొక్కలు అంతంతమాత్రముగా పెరిగెను. మట్టి కలిపిన నీటిలోనివి మిక్కిలి పెరిగెను. నీరు వాహనము మాత్రమే, ఆ వాహనముమీద వచ్చు సరకు వేరొకటి కలదని దీనివలన తేలెను. గోదావరి ఎర్రనీరు పొలముమీద పారి ఒండ్రు వదలినపుడు రైతు సంతోషించుటకు కారణము ఇదియే.

ఆ సరకు ఏదో తెలిసికొనుటకు మట్టిని పూర్తిగా తొలగించి చూడవలసివచ్చెను. 1860 ప్రాంతమున జర్మనీలో జూలియస్ సాక్సు, విల్హెల్ము క్నోపు అను నిరువురు శుద్ధజలములో లెక్కప్రకారము లవణములను కరగించి, ఆ ద్రవములో మొక్కలను విత్తనపు దశనుండి విత్తనము పండువరకు పెంచగలిగిరి. క్నోపు ద్రవములో కాల్షియము నత్రితము, పొటాషియము నత్రితము, పొటాషియము భాస్వితము, మెగ్నీషియము గంధకితము, కొంచెము ఇనుము ఉండును. లీటరునకు లవణములన్నియు కలిసి 2 గ్రాములకు మించవు. హెల్మాంటు తొట్టిలో తగ్గిన 2 ఔన్సుల రహస్యము ఇది: మొక్కకు నేలనుండి కావలసినది స్వల్పము, కాని ఆ స్వల్పము లేనిదే బ్రతుకు లేదు.

శుద్ధి చేసిన కొలది మరికొన్ని మూలకములు బయటపడెను. మాంగనీసు, బోరాను, జింకు, రాగి 1922 మొదలు 1931 వరకును, మాలిబ్డినము 1939లోను, క్లోరిను 1954లోను, నికెలు 1987లోను అవసరమైనవిగా స్థిరపడెను. గాలినుండి, నీటినుండి వచ్చు మూడింటితో కలిపి నేడు 17 మూలకములు మొక్కకు అవసరమని లెక్కింతురు.

ప్రయోగశాలనుండి తోటకు

డెబ్బది యేండ్లపాటు ఈ ద్రవములు ప్రయోగశాల దాటలేదు. వానితో పంటయే పండింపవచ్చునని చాటినవాడు అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విలియం గెరికె. ఆయన 1929లో ఈ పద్ధతినిగూర్చి ప్రకటించెను. 1937లో దానికి హైడ్రోపోనిక్సు అను పేరు వాడుకలోనికి తెచ్చెను. గ్రీకుభాషలో హైడ్రో అనగా నీరు, పోనోసు అనగా శ్రమ. ఆయన తొట్లలో నిచ్చెన వేసి కోయవలసినంత ఎత్తున టొమాటో తీగలు పెరుగుట చూచి పత్రికలు అద్భుతములు వ్రాసెను. ఇక పొలముతో పనిలేదని కొందరు నమ్మిరి. లవణపు పొట్లములు, తొట్లు అమ్ము వ్యాపారులు బయలుదేరిరి.

అప్పుడు అదే విశ్వవిద్యాలయములోని హోగ్లాండు, ఆర్నను అనువారు ఈ విషయమును నిదానముగా పరిశీలించి 1938లో ఒక చిన్న పుస్తకము ప్రకటించిరి. సారవంతమైన మంచి నేలలో పండు పంటకంటె నీటిసేద్యపు పంట అమితముగా హెచ్చుట లేదనియు, వెలుతురు, వాతావరణము రెండింటికిని సమానముగా హద్దులు గీయుననియు వారు తేల్చిరి. అయినను వారు ఆ పద్ధతిని త్రోసివేయలేదు. నేల లేనిచోట, నేల చెడినచోట దాని ఉపయోగమును అంగీకరించి, ద్రవమును తయారుచేయు విధమును వివరించిరి. హోగ్లాండు ద్రవము నేటికిని ప్రయోగశాలలలో వాడుకలో నున్నది. పసిఫిక్ మహాసముద్రములోని వేకు ద్వీపమున విమానయాత్రికుల కొరకును, రెండవ ప్రపంచయుద్ధ కాలమున అసెన్షను ద్వీపములోని సైనికుల కొరకును కూరగాయలను ఈ విధముగనే పండించిరి. అవి రాయి, ఉప్పుగాలి తప్ప సాగునేల లేని చోట్లు.

భారతదేశములో ఈ సేద్యము 1946లో డార్జిలింగు జిల్లాలోని కాలింపాంగువద్ద, బెంగాలు ప్రభుత్వపు ప్రయోగక్షేత్రములో ప్రారంభమైనది. షోల్టో డగ్లసు అక్కడ పరీక్షలు చేసి, 1951లో బెంగాలు పద్ధతి అను పేర గ్రంథము ప్రకటించెను. పంపులు, ఖరీదైన పరికరములు లేకుండ రాతిముక్కలు, ఇసుక నింపిన తొట్లలో పొడి లవణములు చల్లి నీరు పోయుట దీని విశేషము. వట్టి నీటికి బదులు రాతిముక్కలు వాడుటలో గొప్ప తెలివి కలదు. ఆ తెలివిలోనే వరదలో చచ్చిన మందారపు కథ దాగియున్నది.

వేరునకు ఊపిరి

ఆకులు వెలుతురులో ప్రాణవాయువును విడుచునని పాఠశాలలో చెప్పుదురు. దానినిబట్టి మొక్కకు ప్రాణవాయువు అక్కరలేదని కొందరు విద్యార్థులు తలంతురు. ఇది పొరపాటు. మొక్కలోని ప్రతి జీవకణమును రాత్రింబవళ్లు శ్వాసించును. మట్టిలో చీకటిలో నున్న వేరు తన శ్వాసకు ప్రాణవాయువును మట్టిరేణువుల నడుమనున్న గాలినుండి తీసికొనును. ఆ శ్వాసవలన పుట్టిన శక్తితోనే వేరు లవణములను లోనికి లాగుకొనును.

నీటిలో కరిగియుండు ప్రాణవాయువు బహుస్వల్పము. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాములుండగా, వెచ్చని లీటరు నీటిలో 8 మిల్లీగ్రాములకు మించి ఉండదు. పైగా వాయువు గాలిలో వ్యాపించు వేగముతో పోల్చినచో నీటిలో వ్యాపించు వేగము పదివేలవ వంతు. మునిగిన నేలలో మిగిలిన ప్రాణవాయువును వేళ్లు, సూక్ష్మజీవులు కలిసి ఒకటి రెండు దినములలోనే ఖర్చు చేయును. తరువాత వేళ్లు ఊపిరాడక నల్లబడి కుళ్లును. వేళ్లు పనిచేయమానినచో, చుట్టు నీరున్నను ఆకులు వాడును. వరదలోని మందారము దాహముతో చచ్చుచున్నదనుట వింతగా తోచినను నిజమే.

వరి మాత్రము నీటిలో ఎట్లు నిలుచును? వరిమొక్కకు ఆకులనుండి వేళ్లవరకు సన్నని గాలిమార్గములు కలవు. కాడద్వారా గాలి దిగి వేరునకు ఊపిరి పోయును. తామరతూడును విరిచి చూచినచో అట్టి మార్గములు కంటికే కనబడును. మందారమునకు ఆ ఏర్పాటు లేదు.

సీసాలోని కొమ్మ బ్రతుకుటకు కారణము ఇప్పుడు తెలియుచున్నది. సీసా చిన్నది, నీటి పైభాగము గాలికి తెరచియున్నది, రెండు మూడు దినములకొకసారి నీరు మార్చుదురు, కుళ్లు మట్టి లేదు. గెరికె తొట్లలో వేళ్ల పైభాగము గాలిలో వ్రేలాడునట్లు ఏర్పరచుటయు, పిదపవారు పంపుతో గాలి ఊదుటయు, కాలింపాంగులో రాతిముక్కల సందులలో గాలి నిలుపుటయు ఈ ఒక్క అవసరము తీర్చుటకే. నీటిసేద్యములో కష్టమైన పని ఆహారము పెట్టుట కాదు, ఊపిరి పోయుట.

కొమ్మకు వేరు ఎక్కడిది?

కోసిన కొమ్మలో వేరు లేదు. మరి అది ఎక్కడనుండి వచ్చును? 1878లో జర్మను శాస్త్రజ్ఞుడు వోక్టింగు విల్లో కొమ్మలను తేమగల పాత్రలో తలక్రిందులుగా వ్రేలాడదీసి చూచెను. అప్పుడును వేళ్లు కొమ్మ మొదటి వైపుననే విశేషముగా పుట్టెను. కొమ్మ తన మొదలును కొనను మరచిపోదని ఇది చూపెను.

దీనికి కారణమైన పదార్థమును వెదకుటకు తోడ్పడినది చార్లెసు డార్విను పరీక్ష. ఆయన తన కుమారునితో కలిసి గడ్డిమొలకలు వెలుతురువైపు వంగుటను పరిశీలించి, మొలక కొననుండి క్రిందికి ఏదో ప్రేరణ దిగుచున్నదని 1880లో వ్రాసెను. 1926లో హాలండుదేశములో ఫ్రిట్సు వెంటు ఆ ప్రేరణను అగరుముక్కలోనికి పట్టి, అది ఒక పదార్థమని నిరూపించెను. దానికి ఆక్సిను అని పేరు. మొగ్గలలోను లేత ఆకులలోను పుట్టి అది కాడవెంట క్రిందికి దిగును. కోసిన కొమ్మలో దిగుటకు దారి లేక అడుగున పోగుపడి, అక్కడి కణములను వేళ్లుగా మారుటకు ప్రేరేపించును. 1935లో అమెరికాలో జిమ్మర్మను, విల్కాక్సను అనువారు ఇండోలు బ్యుటిరికు ఆమ్లము కొమ్మలకు చక్కగా వేళ్లు పుట్టించునని కనుగొనిరి. నేడు నర్సరీలలో కొమ్మల అడుగున అద్దు వేళ్లమందులో తరచుగా ఉండునది ఇదియే.

కొమ్మపై రెండు ఆకులు నిలుపుట ఆక్సిను కొరకును, ఆహారము కొరకును. మిగిలిన ఆకులు తీయుట నీటి ఆవిరి తగ్గించుటకు. నీడలో నుంచుటయు అందుకే. శాస్త్రజ్ఞులు కారణము చెప్పకమునుపే తోటమాలి చేతులు ఈ పనిని నేర్చినవి.

పాఠశాలలో ఒక పరీక్ష

ఈ చరిత్రనంతయు నాలుగు సీసాలతో తరగతిలో చూడవచ్చును. పెన్సిలు లావున, జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులుగల మందారపు కొమ్మలను ఒకే చెట్టునుండి కోయవలెను. సీసాకు మూడేసి కొమ్మలు. మొదటిదానిలో మంచినీరు, రెండు దినములకొకసారి మార్చవలెను. రెండవదానిలో కాచి చల్లార్చిన నీరు పోసి, పైన కొబ్బరినూనె పొర వేసి, మార్చక విడువవలెను. మూడవదానిలో లీటరునకు 10 గ్రాముల ఉప్పు కలిపి, మొదటిదానివలెనే మార్చవలెను. నాలుగవది మొదటిదానివంటిదే, కాని దాని కొమ్మలకు ఆకులు, మొగ్గలు అన్నియు తీసివేయవలెను. సీసాలకు నల్లకాగితము చుట్టినచో పాచి పట్టదు. మూతికి దూది పెట్టినచో దోమలు గ్రుడ్లు పెట్టవు.

ప్రతి వారము చూచినది వ్రాసికొనవలెను. మూడు మొదలు ఆరు వారములలో మొదటి సీసాలో వేళ్లు కనబడును. రెండవదాని కొమ్మలు అడుగున నల్లబడుట, మూడవదాని ఆకులు త్వరగా వాడుట, నాలుగవది వెనుకబడుట చూడవచ్చును. వేళ్లు పుట్టిన కొమ్మను వట్టినీటిలో చాలకాలము విడిచినచో ఆకులు పాలిపోవును. కొమ్మలోని నిల్వ తీరిపోయినది, నీటిలో సరకు లేదు. వుడ్వర్డు వాననీటి పుదీనా కథ అది. నీటిలో పుట్టిన వేళ్లు పెళుసుగా నుండును కాబట్టి మెల్లగా ఇసుక కలిపిన మట్టిలోనికి మార్చి, కొన్ని దినములు నీడలో నుంచవలెను.

మరల కోనసీమకు

మూడవ సీసా రాజోలు కొబ్బరితోటకు గుర్తు. క్నోపు ద్రవమును లవణజలమే, సముద్రమును లవణజలమే. కాని మొదటిదానిలో లీటరునకు 2 గ్రాములు, రెండవదానిలో 35 గ్రాములు. చుట్టునున్న నీరు వేరులోని రసముకంటె చిక్కనైనచో వేరు నీటిని త్రాగలేదు; త్రాగిన కొంచెముతో వచ్చు ఉప్పు ఆకులలో పేరుకొని విషమగును. దీనికి మందు మంచినీరు పారించి ఉప్పును కడిగివేయుట, ఆ కడిగిన నీరు బయటకు పోవుటకు దారి చూపుట. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్టయు, వైనతేయముమీద గన్నవరమువద్ద కట్టిన అక్విడక్టును రాజోలు వైపునకు గోదావరి మంచినీటిని చేర్చినవి. నీరు వచ్చు దారిని కాటను దొర కాలమునాటివారు చక్కగా వేసిరి. నీరు పోవు దారి పూడినచోట కష్టము మొదలైనది. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధర లేమితోపాటు మురుగు పారుదల లోపమును కూడ కారణముగా చూపిరి.

నేడు నగరములలో మేడలమీద నీటిసేద్యపు తోటలు వెలయుచున్నవి. స్థలము లేనివారికి అవి మేలే. కాని పంపు ఆగిన కొన్ని గంటలకే అందులోని వేళ్లు ఊపిరికి తడుములాడును, లవణములు కొనవలెను, ద్రవమును నిత్యము కనిపెట్టవలెను. కోనసీమ ఒండ్రునేల ఆ పనులను ఉచితముగా చేయుచున్నది. లవణములను నిలువచేయును, నీటిని పట్టును, సందులలో గాలిని దాచును. ఆ గాలి చోటును నీరు ఆక్రమించి కదలకున్నప్పుడే దాని మేలు చెడును.

కాబట్టి మట్టి లేని సేద్యము కోనసీమకు నేర్పు పాఠము మట్టిని విడువుమని కాదు. వేరునకు ఆహారమెంత అవసరమో ఊపిరి అంత అవసరమని. మురుగు కాలువలో పూడిక తీయుట కూడ చెట్టునకు ఎరువు వేయుటవంటి పనియే. సీసాలో నీరు మార్చిన బాలుడు కొమ్మకు చేసిన ఉపకారమును, నిలిచిన నీటిని సముద్రమునకు పంపిన ఊరు తన తోటలకు చేయును.